తవిలిస్ అనే చేప కోసం ఫిలిప్పీన్స్‌లోని తాల్ సరస్సు దాకా వెళ్లాం: కొండ మీద మోసపోయాం, ఒడ్డున కడుపునిండా తిన్నాం

ముందు మార్కులు చెప్పేస్తాను, రివ్యూలు చదివేటప్పుడు నేనూ ముందు అదే చూస్తాను కాబట్టి. కొండ మీద అద్దాల హోటల్‌కి 5కి ఒకటిన్నర, ఆ ఒకటిన్నర కూడా కిటికీలోంచి కనబడే సరస్సుకే, వంటకి కాదు. కింద ఒడ్డున ఉన్న వెదురు పాకకి 4. రెండింటి పేర్లూ రాయను. మొదటిదాని పేరు రాసి గొడవ పెట్టుకోవడం ఇష్టం లేదు, రెండోదానికి అసలు పేరే లేదు, కూల్‌డ్రింకు కంపెనీ వాళ్లిచ్చిన రేకు మీద వాళ్ల భాషలో ఏదో రాసుంది, మా అబ్బాయి చదివి "భోజనం దొరుకును" అని చెప్పాడు, అంతే.

మాది ధవళేశ్వరం. నా పుట్టిల్లు రాజోలు. చేప విషయంలో నాకు కొంచెం పొగరని మావారు అంటారు, ఉంది, కాదనను. మా అబ్బాయి మనీలా శివార్లలోని లాస్ పీన్యాస్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. ఆ చుట్టుపక్కల మన తెలుగు పిల్లలు బోలెడుమంది, సాయంత్రం వీధిలో నడుస్తుంటే ఎవరో ఒకరు ఫోన్లో "తిన్నానమ్మా, తిన్నాను" అని విసుక్కోవడం వినబడుతూనే ఉంటుంది. 2025 జూన్ నుంచి మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి 14 రోజుల దాకా వీసా అక్కర్లేదన్నారు, దాంతో మావారు కూడా ఊ అన్నారు, నవంబరులో వెళ్లాం.

ఈ చేప గురించి వాడు మొదటి సంవత్సరంలోనే చెప్పాడు. ఇక్కడ ఒక సరస్సులో కవళ్లు ఉన్నాయమ్మా, ప్రపంచంలో ఇంకెక్కడా లేవు, మంచినీళ్లలోనే పుట్టి మంచినీళ్లలోనే బతుకుతాయి అని. నేను నమ్మలేదు. కవళ్లంటే సముద్రం, కాకినాడ రేవులో గంపలకి గంపలు దిగే చేప. మంచినీళ్లలో కవళ్లేంట్రా, ఎవడో నీకు పరిగెలు చూపించి కవళ్లన్నాడు అని కొట్టిపారేశాను. తర్వాత వాడు మొత్తం వివరంగా చెబితే నేనే నోరు మూసుకున్నాను.

సంగతి ఏంటంటే, బటంగస్ అనే ప్రాంతంలో ఉన్న ఈ తాల్ సరస్సు ఎప్పుడో ఒక పెద్ద అగ్నిపర్వతం పేలి లోపలికి కూలిపోయిన గుంట. 234 చదరపు కిలోమీటర్లు. మధ్యలో ఒక దీవి, ఆ దీవే ఇప్పటికీ బతికున్న అగ్నిపర్వతం. 1754కి ముందు ఇది ఇలా మూసుకుపోయిన సరస్సు కాదట, బలయాన్ అఖాతంతో కలిసి ఉండేది, నీళ్లు ఉప్పగా ఉండేవి. ఆ ఏడాది మే నుంచి డిసెంబరు దాకా, నెలల తరబడి, అగ్నిపర్వతం కక్కుతూనే ఉంది. ఒడ్డున ఉన్న పాత ఊళ్లు బూడిద కింద పోయాయి, సముద్రానికి పోయే దారి పూడిపోయి పన్సిపిత్ అనే ఏరొకటి మిగిలింది, పది కిలోమీటర్లు కూడా ఉండదు అది. తర్వాత ఏటేటా వానలు పడి పడి లోపలి నీళ్లు చప్పబడ్డాయి. సముద్రం నుంచి వచ్చి లోపల ఉండిపోయిన జాతుల్లో ఒకటి ఈ తవిలిస్. 1927లో హెర్రె అనే అమెరికా చేపల శాస్త్రవేత్త దీన్ని కొత్త జాతిగా రాసి, అక్కడి జాలర్లు పిలిచే పేరునే శాస్త్రం పేరులో కూడా పెట్టాడు. ఇప్పుడు దాన్ని సార్డినెల్లా తవిలిస్ అంటారు, సార్డినెల్లా అంటే మన కవళ్ల జాతే.

ఒడ్డున ఎవర్నడిగినా 1754 కథే చెబుతారు. కానీ జన్యుపరీక్షలు చేసినవాళ్ల లెక్క వేరేగా ఉందని మావాడు అన్నాడు. తైవాన్ వైపు సముద్రంలో దొరికే ఒక రకం కవళ్లు దీనికి దగ్గర చుట్టాలట, ఆ రెండూ విడిపోయి ఈ పేలుడు కంటే చాలా చాలా ముందే అయిందట. ఏది ఎలా ఉన్నా ఇప్పుడు ఇది ఆ ఒక్క గుంటలోనే ఉంది, పూర్తిగా మంచినీళ్లలోనే బతికే సార్డినెల్లా ప్రపంచంలో ఇదొక్కటే.

గోదారోళ్లకి ఇది అర్థం కావాలంటే ఒక్క మాట చాలు. మన పులస ఉంది కదా, అదీ ఈ కవళ్ల చుట్టమే, సముద్రంలో ఉన్నన్నాళ్లూ విలస, వరదనీళ్లు తగిలాక గోదాట్లోకి ఎదురెక్కి వస్తే పులస. మా ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చి ఆగిపోతుంది. అలా వచ్చిన పులసకి వెనక తిరిగి సముద్రానికి పోయే దారి మూసుకుపోయి, ఇక్కడే పిల్లల్ని కని, ఆ పిల్లలు ఇక్కడే ఉండిపోయి, తరాలు గడిచాయనుకోండి. అదీ తవిలిస్. ఇది విన్న రోజు నుంచి నాకు ఆ చేప తినాలని ఒకటే కోరిక. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మనవాళ్లు, మరి దారి మూసుకుపోయిన పులస అంటే ఎంత పెట్టొచ్చు చెప్పండి.

సరే, హోటల్ సంగతికి వస్తాను. సరస్సు చూడాలంటే అందరూ తగైతై అనే కొండ ఊరికి పోతారు. మనీలా నుంచి అరవై కిలోమీటర్ల లోపే, కానీ శనివారం పోతే ట్రాఫిక్‌లోనే ప్రాణం పోతుంది, మేము పోయింది శనివారమే. అరకు లాగా చల్లగా ఉంటుంది, గాలి బాగా కొడుతుంది, శాలువా పట్టుకెళ్లండి. రోడ్డు పొడుగునా హోటళ్లే, అన్నింటి ముందూ బులాలో అని బోర్డులు, అది గొడ్డు ఎముకల సూపు, మేము తినం కాబట్టి దాని గురించి ఏమీ చెప్పలేను. మేము ఎక్కింది మూడంతస్తుల అద్దాల హోటలు. కిటికీ పక్క బల్ల కోసం నలభై నిమిషాలు నిలబడ్డాం. చూపు మాత్రం, ఒట్టు, కళ్లు తిప్పుకోలేం. కింద లోయంతా నీళ్లు, మధ్యలో దీవి, దీవి అంచున చక్కటి శంకువులాంటి చిన్న కొండ. అందరూ దానితోనే ఫొటోలు దిగి ఇదే అగ్నిపర్వతం అని పెట్టుకుంటారు. అది కాదట, అది పాత చల్లారిన నోరు, ఇప్పుడు పొగలొచ్చే అసలు నోరు దాని వెనకాల పళ్లెంలా చదునుగా ఉంటుంది. మావారు అప్పటికే చిన్నకొండతో పదమూడు ఫొటోలు దిగి మా ఆడపడుచుల గ్రూపులో పెట్టేశారు. తప్పని చెప్పినా తీయలేదు.

మెనూలో "క్రిస్పీ తవిలిస్" 345 పెసోలు. పెసో అంటే మనకి రూపాయిన్నర పైమాటే. చెప్పాం. వచ్చింది. పళ్లెంలో అరిటాకు ముక్క, దాని మీద తొమ్మిది చేపలు, మీద నిమ్మచెక్క, పక్కన ఒక ఎర్రటి తియ్య సాసు. మొదటి ముక్క కొరకగానే నాకు తెలిసిపోయింది. పైన వేసిన ఉప్పు వేరు, చేపలో ఉన్న ఉప్పు వేరు. ఇది సముద్రపు వాసన, అందులోనూ ఫ్రిజ్‌లో నెలల తరబడి ఉండి నూనె కాస్త ముక్కిన కవళ్ల వాసన. "ఏమండీ, ఇది సముద్రపు చేపండీ" అన్నాను. "నీకు పులస తప్ప ఏదీ చేప కాదు, తిను" అన్నారాయన. మావాడు నా మొహం చూసి వడ్డించే కుర్రాణ్ని పిలిచి మెల్లగా అడిగాడు. ఆ కుర్రాడు మొదట నవ్వాడు, తర్వాత లోపలికి వెళ్లాడు, వచ్చి, పాపం వాడి తప్పేం ఉంది, చేతులు కట్టుకుని, ఈరోజు తవిలిస్ రాలేదు మామ్, ఇది తంబన్ అన్నాడు. తంబన్ అంటే సముద్రంలో దొరికే మామూలు కవళ్లు, మార్కెట్లో చవగ్గా దొరికేదే.

అప్పుడు నాకు కోపం కంటే నవ్వు ఎక్కువ వచ్చింది, ఎందుకంటే ఇది మనకి కొత్తా? శ్రావణమాసంలో రావులపాలెం దగ్గర రోడ్డు పక్క గంపల్లో పులస పులస అని అరుస్తూ అమ్మేదాంట్లో ఒడిశా నుంచి ఐసులో వచ్చిన విలస ఎంతో మాకు తెలీదా. సముద్రపు దాన్ని నదిదని చెప్పి పదింతలు లాగడం. ఇక్కడా అదే వ్యాపారం, సముద్రపు దాన్ని సరస్సుదని చెప్పడం. మనుషులు మారారు, చేప మారింది, తక్కెడ మారలేదు. బిల్లులో మాత్రం తవిలిస్ అనే కొట్టారు, పైగా పది శాతం సర్వీసు చార్జీ. అడిగితే మేనేజరు వచ్చి సారీ చెప్పి ఒక ఐస్‌క్రీమ్ ఉచితం అన్నాడు. చేపకి ఐస్‌క్రీమ్ ఏంటండీ. తినలేదు. (మావారు తిన్నారు.)

మర్నాడు ఆదివారం. నేను పట్టుబట్టాను, ఈ చేప తినకుండా నేను విమానం ఎక్కను అని. కొండ మీద నుంచి సరస్సు ఒడ్డున ఉన్న తలిసై అనే ఊరికి ఒక రోడ్డు దిగుతుంది, మారేడుమిల్లి ఘాట్ చూసినవాళ్లకి కూడా కడుపులో తిప్పే మలుపులు, మా క్యాబ్ డ్రైవరు బ్రేకు మీద కాలు తీయలేదు. దిగుతుంటే చలి పోయి ఉక్కపోత మొదలైంది, కొబ్బరిచెట్లు, అరటితోటలు, ఇళ్ల ముందు ఆరేసిన వలలు, అచ్చం కోనసీమే, కాకపోతే చెట్ల సందులోంచి అగ్నిపర్వతం కనబడుతుంది. ఒడ్డున దిగగానే పడవలవాళ్లు చుట్టుముట్టారు. దీవి మీద దిగడం నిషేధం, 2020 జనవరి 12న పేలి బూడిద మనీలా దాకా వచ్చి విమానాశ్రయం మూసేశారు గుర్తుందా, అప్పుడు దీవిలో ఉన్నవాళ్లనందర్నీ బయటికి తెచ్చేశారు, ఇప్పుడది శాశ్వత ప్రమాద ప్రాంతం. ఎవరైనా "దించుతాను, నాకు తెలిసినవాళ్లున్నారు" అంటే వినకండి. 1911లో ఇదే కొండ 1,300 మందికి పైగా పొట్టనబెట్టుకుంది.

మేము వెళ్లిన పాక ఒడ్డు నుంచి నీళ్ల మీదికి కొంచెం జరిపి కట్టారు, కింద వెదురు నిట్టాళ్లు, పైన తాటాకు లాంటిదే ఏదో ఆకు. ఆరు బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కుర్చీకి కాలు విరిగితే తాడు కట్టారు. నడిపేది ఒకావిడ, నా వయసే ఉంటుంది. అక్కణ్ని వాళ్లు "అటే" అంటారు, మావాడు అలాగే పిలిచాడు. ఇంకో ముచ్చట, వాళ్లు పెద్దవాళ్లతో మాట్లాడితే ప్రతి మాట చివరా "పో" అని తగిలిస్తారు, మనం అండీ అన్నట్టు. నేను వెళ్లిన మొదటిరోజు షాపులో ఒకమ్మాయి నన్ను "పో" అంటుంటే పొమ్మంటోందనుకుని బిక్కచచ్చిపోయాను. అర్థం తెలిశాక మాత్రం ఊరంతా గోదారోళ్లే అనిపించింది, ఆయ్.

నిన్న మోసపోయాం కాబట్టి ఇవాళ వండక ముందు చేప చూపించమన్నాను. ఆవిడేం అనుకోలేదు, లోపలికి రమ్మని చేత్తో పిలిచింది. రంగు వెలిసిన బేసిన్‌లో ఐసు మీద ఓ రెండు కిలోలుంటాయి. రాత్రి వల వేసి తెల్లారుజామున తెచ్చినవట, వాళ్లాయనే తెస్తాడట. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బెత్తెడు పొడుగు, పెద్దవి జానెడుకి కొంచెం తక్కువ, వెన్ను నీలం కలిసిన బూడిద రంగు, పక్కలు కొత్త స్టీలు గిన్నెలా తళతళ. కన్ను మెరుస్తోంది, మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉంది. అప్పుడు బొటనవేలితో పొట్ట కింద తోక వైపు నుంచి తల వైపు రాశాను. రంపం. సన్నటి రంపం పళ్లు వేలికి తగిలాయి. పులస బాగుచేసే ప్రతి ఆడదానికీ ఆ రంపం తెలుసు, చిన్నప్పుడు మా అమ్మమ్మ "చెయ్యి తెగుద్ది, అటు నుంచి రాయకు" అని మొట్టికాయ వేసేది. ఎక్కడి రాజోలు, ఎక్కడి అగ్నిపర్వతం, అదే రంపం. (ఆ రంపం తంబన్‌కి కూడా ఉంటుంది, కాబట్టి దీన్ని బట్టి అసలు నకిలీ తేల్చలేరు.) నాకు అసలుదని నమ్మకం కుదిరింది వాసనతో. నీచు ఉంది గానీ సముద్రం లేదు. ఏటి నీళ్లలో తడిసిన రాయి వాసన లాంటిది, తాజా పరిగెల దగ్గర వస్తుందే, అది.

రెండు రకాలు చెప్పాం. ఒకటి వేపుడు. పొలుసు అరచేత్తో తోసేసి, ఉప్పు, మిరియం, కొంచెం పిండి అద్ది, తలా తోకా పేగూ ఏమీ తీయకుండా సలసలా కాగే నూనెలో. పళ్లానికి పన్నెండు, 200 పెసోలు. నిన్నటి తొమ్మిదికి 345, లెక్క మీరే చూసుకోండి. దీంతో ఒక గిన్నెలో సుకా, అంటే కొబ్బరికల్లుతో చేసే వెనిగర్, అందులో దంచిన వెల్లుల్లి, ఉల్లిపాయ, గోరంత ఎర్ర మిరపకాయలు. వెల్లుల్లి వేసి వేయించిన అన్నం. చేపని తోక పట్టుకుని సుకాలో ముంచి తల దగ్గర నుంచి కొరకడమే, ముల్లు తీసే పనే లేదు, ముల్లు అప్పడంలా విరుగుతుంది. లోపల కండ పల్చన, తెల్లన, మెత్తన, కవళ్లకి ఉండే జిడ్డు లేదు, చివర్లో పేగు దగ్గర చిరుచేదు. ఆ చేదే దాని రుచి. చేదు పరిగెల పులుసు ఇష్టమైనవాళ్లకి ఇది నచ్చుతుంది, వంజరం ముక్కలు తప్ప తినని హైదరాబాదు వాళ్లకి నచ్చదు, ముందే చెబుతున్నా. మావారు ఆ గోరంత మిరపకాయని "ఇదేం చేస్తుంది, గుంటూరు వాళ్లం కాకపోయినా మనమూ ఆంధ్రావాళ్లమే" అని మొత్తంగా నమిలారు. తర్వాత ఒక పది నిమిషాలు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. అటే గుక్కెడు కొబ్బరినీళ్లు తెచ్చిచ్చింది, బిల్లులో వేయలేదు.

రెండోది మట్టికుండలోది. మన దాక లాంటి దాంట్లో అడుగున కామియాస్ అనే పుల్లటి కాయ ఒరుగులు పరిచి, పైన చేపలు పేర్చి, ఉప్పు, నీళ్లు, సన్న సెగ మీద గంటలకొద్దీ. పసుపు లేదు, కారం లేదు, ధనియాలు లేవు. చూడగానే పథ్యం కూరలా ఉంది. కానీ మామిడి ఒరుగులు వేసి మెత్తళ్లు వండే ఇంట్లో పుట్టినదాన్ని, ఆ పులుపు నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన పులుపు. అడుగున చిక్కబడిన రసం అన్నంలో కలుపుకుంటే ఇంక వేరే ఏమీ వద్దనిపించింది. పులస పులుసు మర్నాడే రుచి అంటాం కదా, ఇదీ అంతే, ముందురోజు వండిందట. ఒక్కటే చిక్కు, నలుగురికి సరిపడా మాత్రమే మిగిలింది, ఇంకోసారి అడిగితే అయిపోయిందన్నారు. అది తినాలనుకుంటే పన్నెండు లోపు వెళ్లండి.

ఇక ఒక మార్కు ఎందుకు తీసేశానంటే. ఈగలు, చాలా ఈగలు. వేపుడు రావడానికి యాభై నిమిషాలు. పక్క పాకలో కరోకే, ఎవరో ఒకాయన గొంతు చించుకుని పాడుతూనే ఉన్నాడు, ఆదివారం ఊరంతా అదేనట. కార్డు తీసుకోరు, చేతిలో డబ్బుండాలి, లేదంటే వాళ్ల ఫోన్ పే లాంటిది ఉండాలి. బాత్రూమ్ శుభ్రంగానే ఉంది గానీ చీకటి, తలుపుకి గడియ బదులు తాడు. అక్కడ మాత్రం డ్రమ్ములో నీళ్లూ ప్లాస్టిక్ మగ్గూ చూసి ప్రాణం లేచొచ్చింది, విదేశం వచ్చిన వారం రోజుల్లో అంత సంతోషం ఇంకెక్కడా కలగలేదు.

వేపుడు కోసం ఎదురుచూసే యాభై నిమిషాల్లో ఆవిడతో చాలా మాట్లాడాం, మావాడు మధ్యలో తర్జుమా. చేప బాగా తగ్గిపోయిందట. వాళ్ల మామగారి కాలంలో ఒక్క రాత్రికి పడవ నిండేదట, ఇప్పుడు రెండు బేసిన్లు వస్తే గొప్ప. 2019 మొదట్లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ వాళ్ల ఎర్రజాబితాలో ఇది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా వచ్చింది. కారణం చూడ్డానికి ఎక్కడికో పోనక్కర్లేదు, ఆ పాకలో కూర్చుంటే ఎదురుగా నీళ్ల మీద వరసగా చదరాలు కనబడతాయి, వెదురు, డ్రమ్ములు, వలలు. అవి పంజరాలు. తిలాపియా, మన చెరువుల్లో చైనా గురక అంటారే అది, ఇంకా వాళ్లు జాతీయ చేప అని చెప్పుకునే బంగస్ అందులో పెంచుతారు. మేత వేస్తారు, మిగిలింది అడుక్కి పోతుంది, కుళ్లుతుంది. దానికితోడు విచ్చలవిడిగా వలలు, బయటి నుంచి వచ్చి చేరిన వేరే చేపలు. 2011 మే చివర్లో నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి పంజరాల్లో చేపలు వందల టన్నులు ఒక్కసారిగా తేలిపోయాయి. ఇది చెబుతుంటే మావారు, ఆయనకి భీమవరం దగ్గర అన్నయ్యగారితో కలిసి చెరువుల్లో వాటా ఉంది, అప్పటిదాకా మిరపకాయ దెబ్బకి మాట్లాడని మనిషి, "తెల్లారుజామున పడుంటుంది, మబ్బు పట్టిన రోజు" అన్నారు. మావాడు అడిగితే ఆవిడ అవునంది, తెల్లవారేసరికే తేలాయట. కొల్లేరు కళ్ల ముందు తిరిగింది నాకు. 2006లో అక్కడ చెరువు గట్లు పేల్చేశారు, మళ్లీ ఎన్ని లేచాయో ఆ దారిన పోయే అందరికీ తెలుసు.

ఇంకో దెబ్బ కొత్తది. 2025 జూలైలో, కోడిపందేలకి వెళ్లి మాయమైపోయిన మనుషుల కేసులో, వాళ్ల శవాలు ఈ సరస్సులోనే పడేశారని ఒక సాక్షి చెప్పడంతో డైవర్లు దిగి వెతకడం మొదలుపెట్టారు. అంతే, జనం ఇక్కడి చేప కొనడం మానేశారు. తవిలిస్ తినేది నీళ్లలో తేలే కంటికి ఆనని పురుగుల్ని, దానికి పంటి బలం కూడా లేదు, అయినా ఎవరు వింటారు. రెండు నెలలు పొయ్యి సరిగా వెలగలేదంది ఆవిడ. కోడిపందెం అనే మాట వినగానే మేము ముగ్గురం మొహాలు చూసుకున్నాం. ఎక్కడికి పోయినా మన జిల్లా మన వెంటే వస్తుంది.

కాబట్టి నా సలహా, మనిషికి ఒక పళ్లెం తినండి, చాలు. బల్ల నిండా తెప్పించి ఫొటో తీసి సగం వదిలేయకండి, మా పక్క బల్లవాళ్లు అదే చేశారు, కడుపు మండిపోయింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో అయితే అసలు అడగొద్దు, అది గుడ్లు పెట్టే కాలం, అప్పుడు ఎవరైనా తాజా తవిలిస్ అని పెడితే అయితే అది దొంగ వల, కాకపోతే తంబన్. కొండ మీద తినాలనే ఉంటే ఒక్క ప్రశ్న వేయండి, "ఇవాళ పొద్దున ఏ ఊరి నుంచి వచ్చింది" అని. తలిసై అనో పక్క ఊరి పేరో వెంటనే చెబితే సరే, లోపలికెళ్లి కనుక్కొస్తానంటే సూపు తాగి వచ్చేయండి.

చేతులు కడుక్కుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాక మావాడు తీరిగ్గా చెప్పాడు, అమ్మా, ఈ సరస్సులో సముద్రపు పాము కూడా ఉంది, అదీ తవిలిస్ లాగే మంచినీళ్లకి అలవాటుపడిపోయింది, విషం ఉంటుంది అని. కాళ్లు ఎంత వేగంగా తీశానో మావారు వీడియో తీసి, అదీ ఆడపడుచుల గ్రూపులో పెట్టారు. ఒకప్పుడు సొరచేపలు కూడా ఉండేవట ఇందులో, జనం పట్టి పట్టి 1930ల నాటికే లేకుండా చేశారట.

వచ్చేటప్పుడు ఆవిడ దగ్గరే ఎండు తవిలిస్ నాలుగు ప్యాకెట్లు కొన్నాను, ఒక్కోటి 120. ఎండబెట్టడం బాగుంది, ఇసుక లేదు, కానీ ఉప్పు దారుణం. రెండు వాడి గదిలోనే వంకాయ వేసి వండాను, పక్క గదుల్లోంచి నెల్లూరు పిల్లాడు ఒకడు, ఖమ్మం పిల్లలు ఇద్దరు వాసన పట్టుకుని పళ్లాలతో వచ్చేశారు, ఓనరమ్మ కిటికీలు తెరవమని కింది నుంచి అరిచింది. మిగిలిన రెండు ప్యాకెట్లు వాడికే వదిలి వచ్చాను, వేడినీళ్లలో రెండుసార్లు కడిగి అప్పుడు వెయ్యి అని మరీ మరీ చెప్పాను. నిన్న ఫోన్ చేశాడు, ఒక్కసారే కడిగాడట, ముగ్గురూ పెరుగన్నం తిని పడుకున్నారట.